బాస్ చేపకు ఏ ప్లాస్టిక్ వర్మ్ కొనాలి? రంగు కన్నా ముందు చూడవలసినది

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. మార్చి నుంచి సాయంత్రాలు మా కాలనీ చెరువులోను, శని ఆదివారాల్లో లూయిస్‌విల్ లేక్ ఒడ్డున బాస్ చేపల కోసం గాలం వేస్తున్నాను. ఇప్పటికి పదకొండు పాకెట్ల ప్లాస్టిక్ వర్మ్‌లు (వానపాములాంటి మెత్తటి ఎరలు) కొన్నాను, పడినవి మాత్రం రెండే చేపలు. ఎక్కువగా వాడుతున్నది 10 అంగుళాల ఎర్ర రంగు రిబ్బన్ టెయిల్ వర్మ్, దానికి అర ఔన్సు సీసం. దుకాణంలో గోడ నిండా రంగులే కనిపిస్తాయి. అందులో ఏ రంగు కొనాలి? వెల్లుల్లి వాసన వేసినవి మంచివంటారు, నిజమేనా? అన్నీ ఒకే పెట్టెలో పెడితే కొన్ని కరిగి ముద్దయిపోయాయి, ఎందుకు? పాలకొల్లు నుంచి వచ్చిన మా నాన్నగారు "ఎర్రలు తవ్వుకోక డబ్బులిచ్చి రబ్బరు పాములు కొంటారా" అని నవ్వుతున్నారు. ఆయన చెప్పినట్టు వానపాములే వాడితే సరిపోదా?

సమాధానం: మీరు రంగు గురించి అడిగారు గాని, మీ ఇబ్బందికి కారణం మీరు మాటవరసకు రాసిన "అర ఔన్సు సీసం" దగ్గర ఉంది. కాలనీ చెరువులు చాలావరకు లోతు లేనివి. ఒడ్డు నుంచి మీ గాలం పడేచోట మూడు నాలుగు అడుగుల నీరు ఉంటే ఎక్కువ. అడుగున మెత్తటి బురద, దాని మీద దూదిలాంటి పచ్చని నాచు ఉంటాయి. అటువంటి చోట అర ఔన్సు సీసం తగిలించిన ఎర నీటిని తాకిన మరుక్షణమే అడుక్కి దిగి, నాచులో కూరుకుపోతుంది. మీరు దాన్ని లాగినప్పుడు పది అంగుళాల తోకకు నాచు చుట్టుకుంటుంది గనుక, అక్కడ చేప ఉన్నా దానికి కనబడేది పాము కాదు, కదిలే నాచు ముద్ద. మీకు పడిన ఆ రెండు చేపలను చూసి నేను మిమ్మల్ని అభినందించాలి. ఆ సరంజామాతో అవి పడడమే గొప్ప.

ప్లాస్టిక్ వర్మ్ ఎన్నుకునేటప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇది నీటిలో ఎంత వేగంగా, ఎలా దిగుతుంది? లార్జ్‌మౌత్ (పెద్దనోటి) బాస్ తరుముకుంటూ వెళ్లి వేటాడే చేప కాదు. మీ నాన్నగారికి కొర్రమీను సంగతి తెలిసే ఉంటుంది. గుర్రపుడెక్క నీడలో కదలకుండా నిలబడి, దగ్గరకు వచ్చినదాన్ని ఒక్క ఉదుటున అందుకునే ఆ పద్ధతే ఇంచుమించు దీనిదీను. పడిపోయిన చెట్టుకొమ్మ పక్కన, నాచు అంచున, పడవల రేవు చెక్కల కింద అది ఓపికగా ఉంటుంది. పైనుంచి నిస్సత్తువగా, తప్పించుకునే ఉద్దేశం లేనట్టుగా ఏదైనా దిగుతుంటే నోరు తెరిచి నీటితో సహా లోపలికి పీల్చుకుంటుంది. అందుకే మెత్తని వర్మ్ ఎరలకు పడే చేపల్లో చాలా భాగం ఎర దిగుతుండగానే పడతాయి. దిగే సమయం అరక్షణం అయితే ఆ అరక్షణమే మీ అవకాశం. దాన్ని నాలుగైదు క్షణాలకు పెంచడమే మీరు చేయవలసిన పని, రంగు మార్చినంత మాత్రాన అది జరగదు.

మీ చెరువుకు నేను చెప్పే ఎర 5 అంగుళాల స్టిక్ వర్మ్, అంటే పెన్సిల్‌లా తిన్నగా, తోక అనేది ప్రత్యేకంగా లేకుండా ఉండేది. గ్యారీ యమమోటో సంస్థ తెచ్చిన సెంకోతో ఈ ఆకారం పేరు పొందింది. ఇప్పుడు దాదాపు ప్రతి సంస్థా ఇటువంటిది చేస్తోంది. చూస్తే ఇందులో ఏమీ లేదనిపిస్తుంది, అసలు రహస్యం లోపల కలిపిన ఉప్పులో ఉంది. ఆ ఉప్పు వల్ల ఎరకు సొంత బరువు వచ్చి, సీసం అక్కరలేకుండానే దూరం విసరడానికి వీలవుతుంది, నీటిలో అడ్డంగా దిగుతూ రెండు కొసలూ సన్నగా వణుకుతాయి. ఇదంతా నా మాట మీద నమ్మనక్కరలేదు. మీ కాలనీ ఈతకొలనులో ఎవరూ లేని వేళ, అడుగు కనిపించే చోట ఒకసారి స్టిక్ వర్మ్‌ను సీసం లేకుండా వదలండి, మరొకసారి మీ ఎర్ర వర్మ్‌ను అర ఔన్సు సీసంతో వదలండి, రెంటికీ మనసులో అంకెలు లెక్కపెట్టండి. ఆ తేడా కళ్లారా చూశాక నేను చెప్పేదానికి ఇంకో సాక్ష్యం అవసరం ఉండదు. ఉప్పు ఎక్కువైన ఎర త్వరగా చిరుగుతుందన్నది మాత్రం నిజం. దానికి ఉపాయం కింద చెబుతాను.

నాచు లేని చోట, అంటే రేవు పక్కన, రాతి కట్ట వెంబడి, దీన్ని వాకీ రిగ్ పద్ధతిలో తగిలించండి: వర్మ్ సరిగ్గా నడుము దగ్గర చిన్న రబ్బరు ఓ-రింగ్ ఎక్కించి, హుక్‌ను వర్మ్‌లో గుచ్చకుండా ఆ రింగ్ కిందుగా దూర్చితే సరిపోతుంది. రింగ్ ఉంటే ఒక్కో వర్మ్ నాలుగైదు చేపల వరకు నిలుస్తుంది, లేకపోతే ప్రతి చేపకూ ఒకటి పోతుంది. విసిరిన తరువాత లైన్‌ను, అంటే గాలం దారాన్ని, బిగించకుండా వదులుగా ఉంచడం ముఖ్యం, ఎందుకంటే లైన్ బిగిస్తే వర్మ్ వణకడం మానేసి మీ వైపు జారుతూ వస్తుంది. ఇక చూడవలసింది రాడ్ కొసను కాదు, నీటిని తాకే చోట లైన్‌ను. మెలికలు మెలికలుగా తేలుతున్న ఆ లైన్ ఒక్కసారి టిక్కుమని ఎగిరినా, గాలి లేకుండానే పక్కకు నడవడం మొదలుపెట్టినా, దిగవలసినంత దిగకముందే ఆగిపోయినా ఎర చేప నోట్లో ఉన్నట్టే. అప్పుడు రాడ్‌ను బలంగా ఎగరేయకండి; వదులు చుట్టేసుకుని, బరువు తగిలేదాకా స్థిరంగా లాగితే చాలు. నేను మొదటి వేసవి అంతా చేతికి కుదుపు తెలియాలని ఎదురుచూసి, లైన్ చూడడం నేర్చుకోక, ఎన్ని చేపలను వదులుకున్నానో లెక్క లేదు.

నాచు ఉన్న చోట వాకీ పనికిరాదు, హుక్ మొన బయటకు ఉంటుంది గనుక విసిరిన ప్రతిసారీ నాచు వస్తుంది. అక్కడ అదే స్టిక్ వర్మ్‌ను సీసం లేని టెక్సాస్ రిగ్‌గా మార్చండి, అంటే హుక్ మొన వర్మ్‌లోనే దాగి ఉండేలా గుచ్చండి. హుక్ 3/0 సైజు ఆఫ్‌సెట్ రకం, వంపు వెడల్పుగా ఉన్నది తీసుకోండి. వర్మ్ లావుగా ఉండి హుక్ వంపు ఇరుకుగా ఉంటే ప్లాస్టిక్ మొత్తం ఆ సందులో నిండిపోయి మొనకు చేప దవడ దాకా వెళ్లే దారి ఉండదు. హుక్ మొనను వర్మ్ తల మధ్యలో గుచ్చి, పావు అంగుళం లోపలికి పోనిచ్చి పక్కనుంచి బయటకు తీయండి. హుక్‌కు దారం కట్టే కంటి దగ్గరి మెలిక వర్మ్ తలలోకి దూరేదాకా లాగి, మొన వర్మ్ వైపు వచ్చేలా హుక్‌ను తిప్పండి. ఇప్పుడు హుక్‌ను వర్మ్ పక్కన వేలాడదీసి, వంపు అడుగు ఎక్కడ తగులుతున్నదో అక్కడ గోటితో చిన్న గుర్తు పెట్టుకుని, సరిగ్గా ఆ గుర్తు దగ్గరే మొనను అవతలికి తేల్చి, చివర వెంట్రుకవాసి ప్లాస్టిక్‌ను మొన మీదకు కప్పండి. వర్మ్ సూదిలా తిన్నగా ఉండాలి. గుర్తు కాస్త అటూ ఇటూ అయి వర్మ్ విల్లులా వంగితే, అది నీటిలో గిరగిరా తిరిగి లైన్‌కు పురి ఎక్కిస్తుంది. వంగిందని తెలిస్తే బద్ధకించకుండా తీసి మళ్లీ గుచ్చండి.

ఇక మీ దగ్గర ఉన్న పది అంగుళాల రిబ్బన్ టెయిల్ విషయం. అది చెడ్డ ఎర కాదు. ప్లాస్టిక్ వర్మ్ పుట్టిందే ఒహాయోలోని అక్రాన్‌లో 1949 ప్రాంతంలో నిక్ క్రీమ్ అనే ఆయన నిజం వానపామును అచ్చు తీసి వినైల్‌తో పోసినప్పుడు. తరువాత ఆ సంస్థ టెక్సాస్‌లోనే ఉన్న టైలర్‌కు తరలివచ్చింది. తోకకు రిబ్బన్‌లా పొడవాటి పల్చని పొర చేర్చడం ఆ తరువాతి కాలపు మెరుగు. ఆ పొర చాలా నెమ్మదిగా లాగినా అలలు అలలుగా ఆడుతుంది గనుక, నీరు వేడెక్కి చేప లోతుకు దిగిన వేసవిలో, ముఖ్యంగా రాత్రిపూట, దానికి సాటి వచ్చేవి తక్కువ. కాని మీరు దాన్ని మార్చిలో వాడారు. ఉత్తర టెక్సాస్‌లో నీటి వేడి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే ఆ రోజుల్లో బాస్ ఒడ్డు దగ్గర లోతు లేని నీళ్లలో గూడు చేసుకుని గుడ్లు పెట్టే పనిలో ఉంటుంది. ఆకలి కోసం కాక, గూటి దగ్గరకు వచ్చినదాన్ని తరమడానికే నోరు తెరుస్తుంది. చిన్నది, నిదానంగా దిగేది, ఒకే చోట ఎక్కువసేపు నిలిచేది అప్పుడు కావాలి. గూటి మీద పట్టిన చేపను మాత్రం వెంటనే నీటిలో వదలండి, అది కాపలా మానితే గుడ్లను బ్లూగిల్ చేపలు నిమిషాల్లో తినేస్తాయి.

సీసం వాడవలసి వచ్చినప్పుడు, అడుగు తగిలిందని మీ చేతికి తెలియడానికి ఎంత తక్కువ సరిపోతే అంతే వాడాలి. లూయిస్‌విల్ ఒడ్డున, ఆరు నుంచి పది అడుగుల లోతులో, గాలి లేని రోజున 1/8 ఔన్సుతో మొదలుపెట్టండి. గాలికి లైన్ విల్లులా వంగుతుంటే 1/4 ఔన్సుకు వెళ్లండి. అర ఔన్సు బరువు దట్టమైన నాచు పైకప్పును చీల్చుకుని దిగవలసిన చోటికి, లేదా ఇరవై అడుగుల లోతుకు. టంగ్‌స్టన్ బరువులు సీసం కన్నా చాలా ఖరీదు. అదే బరువుకు అవి బాగా చిన్నవిగా ఉండి, అడుగున రాయి తగిలిందా మట్టి తగిలిందా అన్నది చేతికి స్పష్టంగా చెబుతాయి. కొత్తలో నాలుగు కొంటే చాలు, ఎలాగూ సగం రాళ్లలో పోతాయి.

చల్లగాలి వీచి, మబ్బు విడిచి, ఎండ తెల్లగా కాసిన మరునాడు స్టిక్ వర్మ్‌కు కూడా చేప కదలకపోవచ్చు. కాలనీ చెరువుల్లో పిల్లలంతా రోజూ గాలం వేస్తారు గనుక అక్కడి చేపలు మరీ తెలివిమీరి ఉంటాయి. ఆ రోజులకు 4 నుంచి 5 అంగుళాల సన్నని ఫినెస్ వర్మ్ ఒక పాకెట్టు దగ్గర ఉంచుకోండి, 1/16 ఔన్సు తలబరువు ఉన్న జిగ్ హెడ్‌కు, అంటే తలకే బరువు పోసిన హుక్‌కు, తగిలించి అడుగున అలా వదిలేసి, రాడ్ కొసను అప్పుడప్పుడు వణికించండి. ఇంతకు మించి ఈ రకం గురించి చెప్పవలసింది లేదు. ఓపిక ఉన్నవారి ఎర.

ఇప్పుడు మీరు అడిగిన రంగుకు వస్తాను. బాస్ కంటిలో రంగును పట్టే కణాలు రెండే రకాలు, ఒకటి ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు స్పందించేవి. మనిషికి ఉన్న మూడో రకం, అంటే నీలాన్ని పట్టేది, దానికి లేదు. అందువల్ల ముదురు నీలానికి నలుపుకు, నిమ్మపసుపుకు తెలుపుకు తేడా దానికి సరిగా తెలియదు. దుకాణం గోడ మీద పక్కపక్కన వేలాడే నలుపు-నీలం, నలుపు, ముదురు ఊదా పాకెట్లు మూడూ కొన్నవారు చాలావరకు ఒకే రంగును మూడుసార్లు కొన్నట్టే. ఎరుపు సంగతి వేరు, చేప దాన్ని బాగానే చూస్తుంది, కాని తేట నీరు ఎర్రని వెలుగును అన్నిటికన్నా ముందు మింగేస్తుంది గనుక, లోతుకు వెళ్లిన కొద్దీ మీ ఎర్ర వర్మ్ నల్లని వర్మ్ అవుతుంది. బురద నీటిలోనైతే ఏ రంగు వెలుగైనా ఇంకా త్వరగా తగ్గిపోతుంది.

కాబట్టి రెండు రంగులు చాలు. నీటిలో మోచేతి దాకా చెయ్యి ముంచండి. వేళ్లు కనిపిస్తుంటే గ్రీన్ పంప్‌కిన్ అనే రంగు వాడండి. ఉడికించిన గోంగూర ఏ రంగులో ఉంటుందో సరిగ్గా అదే, పైన నల్లని మిరియప్పొడి చల్లినట్టు ఉంటుంది. అది రొయ్యలాంటి క్రేఫిష్‌లానూ, చిన్న బ్లూగిల్‌లానూ, బురద పురుగులానూ కనిపించగలదు. దేనిలా అన్నది చేపే తేల్చుకుంటుంది. వేళ్లు కనిపించకపోతే, వాన పడ్డ మర్నాడు మీ నల్లరేగడి నేల చెరువులో ఎలాగూ కనిపించవు, నలుపు-నీలం వాడండి. అక్కడ కావలసింది అందమైన రంగు కాదు, వెలుగుకు ఎదురుగా గట్టిగా కనిపించే నీడ. రాత్రికీ అదే. తతిమ్మా మెరుపులు, రెండు రంగుల పొరలు, తోక కొసన పసుపు చుక్కలు చాలావరకు మనుషులకు వేసే ఎరలని నా అభిప్రాయం. నా పెట్టెలోనూ అవి ఉన్నాయని ఒప్పుకుంటాను.

వెల్లుల్లి వాసన సంగతి. అది చేపను దూరం నుంచి పిలుచుకురాదు. నోట్లోకి తీసుకున్న ఎరను ఉమ్మేయడానికి ఇంకొక క్షణం పడితే, లైన్ చూడడం నేర్చుకుంటున్నవారికి ఆ క్షణం ఉపయోగపడుతుంది. అంతే కాక మన చేతికి అంటిన సన్‌స్క్రీన్, పెట్రోలు వాసనలను కొంత కప్పుతుంది. అయితే ఆ పాకెట్టు తెరిచి కారులో పెడితే వారం పాటు ఆవకాయ జాడీ పగిలినట్టుంటుంది, ఇంట్లోవారిని అడిగి కొనండి.

కరిగిపోయిన వర్మ్‌ల విషయంలో తప్పు మీది కాదు, పెట్టెలో కలిసిన రెండు రకాల పదార్థాలది. మామూలు వర్మ్‌లు పీవీసీని మెత్తబరిచే నూనెతో కలిపి చేసిన ప్లాస్టిసోల్‌తో తయారవుతాయి. ఇటీవల వస్తున్న మరో రకం టీపీఈ అనే సాగే పదార్థంతో చేసినవి. లాగితే రబ్బరు బ్యాండులా సాగి, తెగకుండా తిరిగి వస్తే అది టీపీఈ అని గుర్తుపట్టవచ్చు. రెండూ తాకితే మెత్తబరిచే నూనె ఒకదానిలోంచి మరొకదానిలోకి పాకి, రెండూ జిగురుముద్ద అవుతాయి. అదే నూనె కొన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలను కూడా తింటుంది. అందువల్ల దేని పాకెట్టులో దాన్నే ఉంచండి, పాకెట్లనే వరసగా పెట్టెలో పేర్చండి, రంగులు కూడా ఒకదానికొకటి అంటకుండా ఉంటాయి. జూలైలో కారు డిక్కీలో ఎప్పుడూ వదలవద్దు. ఒకసారి నేను అలా వదిలిన నాలుగు పాకెట్లు సాయంత్రానికి అడుగున చదునుగా, అప్పడంలా అయ్యాయి. వంగి చల్లారిన వర్మ్‌లను కాసేపు వేడినీళ్లలో వేసి, తిన్నగా పరిచి చల్లార్చితే కొన్ని మళ్లీ దారికి వస్తాయి. టీపీఈ రకం నీటిలో తేలుతుంది గనుక దాన్ని సీసం లేకుండా దిగే ఎరగా వాడడానికి వీలు లేదు. చిన్న ముక్క చేసి పుట్టగొడుగు తల ఆకారపు జిగ్‌కు తగిలిస్తే, తల అడుగున ఆని తోక పైకి నిలబడుతుంది, నెడ్ రిగ్ అనేది అదే.

చిరిగిన వర్మ్‌ను నీటిలో పారేయకండి, చేపలు మింగితే కడుపులో అరగక ఉండిపోతుంది. తల దగ్గర చిరిగితే ఆ అర అంగుళం తుంచి మళ్లీ గుచ్చుకోవచ్చు, మరీ పొట్టిదైతే పైన చెప్పిన నెడ్ రిగ్‌కు ఉంచుకోవచ్చు.

మీ నాన్నగారి మాటకు జవాబు: ఎర్రలు వేస్తే చేపలు తప్పకుండా పడతాయి, కాని మీ చెరువులో ముందు పడేవి అరచేతి వెడల్పు బ్లూగిల్‌లు, ఆపైన క్యాట్‌ఫిష్‌లు. బాస్ చూసేలోగా అవి ఎరను కొరికి తినేస్తాయి, పడ్డ చేప కూడా హుక్‌ను లోతుగా మింగేస్తుంది. అయినా ఆయన్ని నవ్వవద్దని అనలేను, ఎందుకంటే టెక్సాస్ రాష్ట్ర రికార్డు లార్జ్‌మౌత్, 1992 జనవరిలో లేక్ ఫోర్క్‌లో బ్యారీ సెయింట్ క్లెయిర్‌కు దొరికిన 18.18 పౌండ్ల చేప, ప్లాస్టిక్ వర్మ్‌కు కాదు, ఆయన క్రాపీ చేపల కోసం వేసిన బతికున్న చిన్న చేపకు పడింది. నాన్నగారిని తీసుకెళ్లండి. ఎర సంగతి ఎలా ఉన్నా, చేప ఏ కొమ్మ నీడలో నిలబడుతుందో మీకన్నా ఆయనకే ముందు తెలుస్తుంది. ఆయన పర్యటనకు వచ్చినవారు గనుక నాన్-రెసిడెంట్ లైసెన్సు కావాలి, అయితే టెక్సాస్ స్టేట్ పార్కుల్లో ఒడ్డు మీద నుంచి పట్టేవారికి లైసెన్సు అక్కరలేదు, రే రాబర్ట్స్ పార్కు మీకు గంట లోపు దూరమే.

ఇప్పుడు కొనవలసినవి 5 అంగుళాల స్టిక్ వర్మ్‌లు గ్రీన్ పంప్‌కిన్‌లో రెండు పాకెట్లు, నలుపు-నీలంలో ఒకటి, ఓ-రింగులు, 3/0 హుక్‌లు, అంతే. ఆ పది అంగుళాల ఎర్ర పాకెట్లను మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి. జూలైలో రాత్రి తొమ్మిది దాటాక, లూయిస్‌విల్‌లో ఏదైనా రాతి మొన దగ్గర 5/0 హుక్‌తో, 1/4 ఔన్సు బరువుతో వేసి, బరువు రాయి రాయి మీదుగా పాకుతున్నట్టు చేతికి తెలిసేంత నెమ్మదిగా లాగండి.